తక్కువ తిరిగిన పాత కారుకి అంత రేటు ఎందుకు?

పోయిన నెల మా పిన్ని కొడుకు కావలి నుంచి ఫోన్ చేశాడు. నెల్లూరు వచ్చి రెండు కార్లు చూసుకుని పోయాడట. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, పెట్రోలు బండ్లే. ఒకటి 2013ది, 34 వేల కిలోమీటర్లు తిరిగింది, ఫస్ట్ ఓనర్, డాక్టర్ గారి కారు. రెండోది 2019ది, లక్షా ఆరు వేలు తిరిగింది. మందుల కంపెనీలో పనిచేసే ఆయనది, వారమంతా ఒంగోలు, తిరుపతి, చెన్నై అని రోడ్డు మీదే ఉండేవాడట. మొదటిది మూడు లక్షల అరవై వేలు, రెండోది నాలుగు లక్షల ముప్పై. "డబ్బులు డెబ్బై వేలు తక్కువ, కిలోమీటర్లూ డెబ్బై వేలు తక్కువే, ఇంక ఆలోచించేదేముందన్నా, రేపు అడ్వాన్స్ ఇచ్చేస్తా" అన్నాడు. ఆగరా, రెండు రోజులు ఆగు అన్నాను.

ఫోన్లో చాలాసేపు మాట్లాడినా నా మాట వాడికి పూర్తిగా ఎక్కలేదు. వాడొక్కడే కాదు, కారు కొనాలనుకునే మనవాళ్లలో ఎవరిని కదిలించినా మొదటి ప్రశ్న "ఎంత తిరిగింది?" అనే. అమ్మేవాళ్లకీ ఆ సంగతి తెలుసు. అందుకే ప్రకటనలో సంవత్సరం కంటే రీడింగే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మన వైపు రీడింగ్‌కి ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ విలువ ఇస్తున్నాం, వయసుని దాదాపు పట్టించుకోవడం లేదు. ధర దాదాపు దగ్గరదగ్గరగా ఉంటే, పదేళ్లు దాటి తక్కువ తిరిగిన బండి కంటే అయిదారేళ్ల వయసులో ఎక్కువ తిరిగి సర్వీసు సరిగ్గా జరిగిన బండే మేలు. దీనికి మినహాయింపులు ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తా.

కాగితాల్లో లేని లెక్క

ఆర్సీ తీసి చూడండి. బండి తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, రిజిస్ట్రేషన్ తేదీ ఉంటుంది, ఎప్పటిదాకా చెల్లుతుందో ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎక్కడా ఉండదు. ఇన్సూరెన్స్ వాళ్లు బండి విలువ కట్టేటప్పుడు, అదే ఐడీవీ, కొత్త బండి రేటులోంచి ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడు దాటితే 40, నాలుగు దాటితే 50 శాతం తగ్గిస్తారు. అయిదేళ్లు దాటాక రెండు వైపులా మాట్లాడుకుని వేసుకోవడమే. యాక్సిడెంట్ క్లెయిమ్‌లోనూ అంతే, మామూలు పాలసీ అయితే రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకు సగం కోసేస్తారు, ఇనుప భాగాలకు బండి వయసుని బట్టి కోత పెరుగుతూ పోయి పదేళ్లు దాటితే 50 శాతానికి చేరుతుంది. బ్యాంకుకి లోన్ కోసం వెళ్లినా మొదట అడిగేది ఏ సంవత్సరం బండి అనే. వయసు ఎక్కువైతే లోన్ కాలం తగ్గిస్తారు, మరీ పాతదైతే ఇవ్వరు.

ఇది చెప్తే మా తమ్ముడు ఒక మంచి మాట అడిగాడు. "వయసు ముఖ్యమని కాదన్నా, వయసు విషయంలో అబద్ధం చెప్పలేరు కాబట్టి దాన్ని చూస్తారేమో" అన్నాడు. నిజమే, అది కొంత వరకు ఒప్పుకోవాలి. తేదీ కాగితం మీద ఉంది, కిలోమీటర్లు నోటి మాట. కానీ కొనేవాడికి కూడా అదే కదా కావాల్సింది? వేల కోట్ల వ్యాపారం చేసే కంపెనీలే నమ్మని అంకెని చూసి మనం లక్షలు ఇస్తున్నాం.

ఇంకోటి, 15 ఏళ్ల గడువు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు అయిపోతుంది. తర్వాత ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ అదనం. 2013 కారుకి ఆ గడువు 2028లో వస్తుంది. అంటే మావాడు కొని రెండేళ్లు తిరిగేసరికి ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆ తర్వాత అమ్ముదామంటే అడిగే నాథుడు ఉండడు. 34 వేలు తిరిగినా, మూడు లక్షలు తిరిగినా ఆ గడువు మారదు. 2019 కారుకి అదే గడువు 2034 దాకా ఉంది.

ఇంజిన్ తిరిగిన గంటలు

రీడింగ్ గురించి ఆలోచించేటప్పుడు నాకు బాగా ఉపయోగపడిన లెక్క ఒకటి ఉంది. కిలోమీటర్లు వదిలేసి ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో చూడండి. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు, ఒంగోలు 120 దాకా ఉంటుంది. హైవే మీద ఆగుళ్లన్నీ కలుపుకున్నా సగటున గంటకు 60 పోతాం. ఆ లెక్కన లక్షా ఆరు వేల కిలోమీటర్లకు ఇంజిన్ తిరిగింది సుమారు 1,770 గంటలు. డాక్టర్ గారి కారు దర్గామిట్ట నుంచి పొగతోట ఆస్పత్రికి, అక్కడి నుంచి ఇంటికి. ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో సగటు 16 కూడా రాదు. 16 అనే వేసుకున్నా 34 వేల కిలోమీటర్లకు 2,125 గంటలు. తక్కువ తిరిగిందని మనం మురిసిపోయే బండి ఇంజినే ఎక్కువ సేపు నడిచింది.

పైగా ఆ గంటలు ఎలాంటివి? పదమూడేళ్లలో 34 వేలంటే రోజుకి ఏడెనిమిది కిలోమీటర్లు. పొద్దున రెండు మూడు, సాయంత్రం రెండు మూడు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కే లోపే ఆస్పత్రి వచ్చేస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లోనే అరుగుదల ఎక్కువ, ఆయిల్ ఇంకా అన్ని చోట్లకీ సరిగ్గా చేరదు. ఇంజిన్ బాగా వేడెక్కితే ఆయిల్లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోతాయి, వేడెక్కకపోతే అందులోనే మిగిలిపోతాయి. సైలెన్సర్ గొట్టంలో చేరిన నీళ్లు కూడా అంతే, లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. బ్యాటరీ ఎప్పుడూ నిండా చార్జ్ కాదు. క్లచ్ మీద కాలు పడే సార్లు, గేర్లు మార్చే సార్లు, బ్రేకులు ఇవన్నీ ఊళ్లో కిలోమీటరుకి ఎన్నో రెట్లు. వెంకటాచలం టోల్ దాటాక ఐదో గేరులో పెట్టి బూదనం దాకా ఒకే తీరున పోయే బండికి ఇవేవీ ఉండవు.

ఆయిల్ మార్చే విషయంలో ఇంకో తిరకాసు ఉంది. కంపెనీ పుస్తకంలో "10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది" అని ఉంటుంది. తక్కువ తిరిగే బండ్ల వాళ్లు మొదటి సగమే గుర్తుపెట్టుకుంటారు. "పదివేలు కాలేదు కదా, అప్పుడే ఎందుకు" అని మూడు నాలుగేళ్లు అదే ఆయిల్‌తో నడిపేస్తారు. ఎక్కువ తిరిగే ఆయనకు ఆ వీలు లేదు. ఏడాదికి పదిహేను వేలు పైన తిరిగే బండి సర్వీసు తప్పితే రోడ్డు మీద ఆగిపోతుంది, ఆయన ఉద్యోగం ఆగిపోతుంది. అందుకే అలాంటి బండ్లకే షోరూమ్ ట్రాక్, అంటే అక్కడ చేయించిన సర్వీసుల రికార్డు, సరిగ్గా దొరుకుతుంది.

మన గాలి, మన ఎండ, మన ఎలుకలు

ఇది హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని రాసేవాళ్లు పట్టించుకోని విషయం. మనది సముద్రం పక్కన ఉన్న నేల. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, అటు కొత్తపట్నం దాకా గాలిలో ఉప్పు ఉంటుంది. ఆ గాలికి ఇనుము తుప్పు పట్టడానికి బండి తిరగాల్సిన పని లేదు, ఊరికే నిలబడి ఉన్నా పడుతుంది. పైగా మే నెలలో 42, 43 డిగ్రీల ఎండ. రబ్బరు, ప్లాస్టిక్ ఆ వేడికి ఏటా కొంచెం కొంచెంగా గట్టిపడతాయి.

రొయ్యల చెరువుల వైపు తిరిగే బండ్ల సంగతి వేరే చెప్పాలి. ముత్తుకూరు దగ్గర మాకు తెలిసిన వాళ్ల బండి ఒకటి అమ్మకానికి వస్తే చూడ్డానికి వెళ్లా. పెద్ద బండి, రీడింగ్ 41 వేలే, పైన పెయింటు అద్దంలా ఉంది. ఆటోనగర్‌లో లిఫ్ట్ ఎక్కించి కిందకి చూస్తే నాకు నోట మాట రాలేదు. వెనక సస్పెన్షన్ పట్టుకునే బ్రాకెట్ల దగ్గర ఇనుము పొరలు పొరలుగా లేచి ఉంది. మెకానిక్ భాయ్ స్క్రూడ్రైవర్ మొనతో ఊరికే అలా తాకించాడు, అరచేయంత పెళ్ల ఊడి ఆయన మొహం మీద పడింది. తుడుచుకుని "సార్, ఇది రోడ్డు మీద తిరగలేదు, ఉప్పునీళ్లలో తిరిగింది" అన్నాడు. రోజూ చెరువు గట్టు మీద నాలుగు కిలోమీటర్లు, మేత బస్తాలు, ఏరియేటర్ మోటార్లు, తడి వలలు అందులోనే. రీడింగ్ చూస్తే కొత్త బండి. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లకీ ఇలాంటి కథే, అక్కడ ఉప్పుకి బదులు రాతి దుమ్ము, లారీలు తవ్వేసిన దారులు. ఎయిర్ ఫిల్టరు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు చెప్తాయి ఎక్కడ తిరిగిందో.

తర్వాత అమెరికా అబ్బాయి కారు. నెల్లూరులో ఈ రకం బండ్లు చాలా ఉంటాయి. అబ్బాయి ఇక్కడ ఉన్నప్పుడు కొన్నాడు, వెళ్లిపోయాడు, అమ్మానాన్నలకు డ్రైవింగ్ రాదు, కవరు కప్పి షెడ్డులో పెట్టారు. "ఏడేళ్లలో 12 వేలే తిరిగింది, కొత్త బండే" అని చెప్తారు. అబద్ధం కాదు, నిజంగానే తిరగలేదు. కానీ కవరు కింద ఎలుకలు కాపురం పెట్టి ఉంటాయి. వైరింగ్ కొరికితే ఏ తీగ ఎక్కడ పోయిందో వెతకడానికే వారం పడుతుంది. ట్యాంకులో నెలల తరబడి నిలిచిన పెట్రోలు జిగురు కడుతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు, ఇథనాల్ తేమని లాక్కుంటుంది. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లలోనే దానికి తట్టుకునే రబ్బరు సామాన్లు తప్పనిసరిగా ఉంటాయి. అంతకు ముందువాటిలో కొన్నింటికి కొన్నాళ్లకు రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని ప్రభుత్వమే చెప్పింది. ఇదీ వయసు లెక్కే. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. షెడ్డులో ఉన్న బండికి ఎవరు మారుస్తారు?

రెండు బండ్లూ లిఫ్ట్ మీద

మావాడిని ఒప్పించి రెండు బండ్లనీ అదే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. డాక్టర్ గారి కారు టైర్లు నాలుగూ కంపెనీవే, బటన్, అంటే పైన ఉండే గాట్లు, ఇంకా సగం పైనే ఉంది. మావాడు అది చూసి నా వైపు గర్వంగా చూశాడు. భాయ్ టైరు పక్క గోడ మీద ఉన్న నాలుగంకెల నంబరు చూపించాడు, 1113. అంటే 2013లో 11వ వారంలో తయారైనవి. అక్కడే బొటనవేలితో గట్టిగా నొక్కితే వెంట్రుక మందం పగుళ్లు బార్లా తెరుచుకున్నాయి. ఆ టైర్లతో మే నెల మధ్యాహ్నం నాయుడుపేట హైవే మీద 90లో పోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. రేడియేటర్ పైపు నొక్కితే కర్రలా ఉంది, కూలెంట్ ఇటుక రంగు. ఇంజిన్ మౌంటింగ్‌లు చచ్చిపోయి న్యూట్రల్‌లో స్టీరింగ్ వణుకుతోంది. ఇంజిన్ మాత్రం బాగుంది, అది చెప్పి తీరాలి.

2019 బండికి కూడా పని ఉంది. క్లచ్ చివరికొచ్చింది, ముందు షాక్ అబ్జార్బర్లు లీకు, కింది ఆర్మ్ బుష్‌లు పోయాయి, బానెట్ ముందు భాగమంతా రాళ్లు తగిలి చుక్కలు చుక్కలు. హైవే బండికి అది సహజం. భాయ్ రెండింటికీ అంచనా వేస్తే పెద్ద తేడా రాలేదు, పాతదానికి నలభై అయిదు వేల దాకా, దీనికి నలభై లోపు. అంటే తక్కువ తిరిగిందని డబ్బు మిగలలేదు. తేడా అల్లా, ఒకదానికి ఖర్చు పెట్టాక చేతిలో ఉండేది పదమూడేళ్ల బండి, రెండోదానికి ఏడేళ్ల బండి.

నాకూ అనుమానాలున్న చోట్లు

లక్ష దాటిన బండి అంటే భయం ఊరికే పుట్టలేదు. డీజిలు బండ్ల విషయంలో ఆ భయానికి కారణం ఉంది. ఇంజెక్టర్లు, టర్బో ఖర్చు మొదలైతే ఒక్కోటి పెట్రోలు బండి ఏడాది ఖర్చంత ఉంటుంది. కొన్ని మోడళ్లకు టైమింగ్ బెల్ట్ మార్చే సమయం కూడా ఆ దరిదాపుల్లోనే వస్తుంది, మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. అయితే 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిలు బండ్లలో ఇంకో సంగతి ఉంది. పొగలోని మసి పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు శుభ్రం కావాలంటే బండి హైవే మీద కాసేపు ఆగకుండా పోవాలి. ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగిన డీజిలు బండి రీడింగ్ తక్కువైనా ఆ ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు. కాబట్టి డీజిల్లో కూడా తక్కువ తిరిగిందే మంచిదని తేల్చేయలేం. రెండున్నర లక్షలు, మూడు లక్షలు తిరిగిన బండిని మాత్రం నేను ఎవరికీ చెప్పను, ఎంత కొత్తదైనా. ట్యాక్సీగా తిరిగి పసుపు ప్లేటు తీసేసి తెల్ల ప్లేటు పెట్టిన బండ్లు అంతే, నలుగురు డ్రైవర్లు మారిన బండి ఎవరి చేతిలో ఎలా నలిగిందో చెప్పేవాళ్లు ఉండరు.

ఇంకో అనుమానం డబ్బు గురించి. రెండున్నర లక్షలే ఉన్నవాడికి "2019 బండి కొనుక్కో" అని చెప్పడం తేలిక. కానీ ఇక్కడ మనవాళ్లు చేసేది వేరు. అదే నాలుగు లక్షలతో 2019 చిన్న కారు వస్తుంది, 2011 పెద్ద కారు వస్తుంది. పెళ్లిళ్లకు వెళ్తే గేటు ముందు బాగుంటుందని పెద్దదే కొంటారు. కారు రేటు తగ్గింది గానీ దాని సామాన్ల రేటు తగ్గలేదు. పన్నెండు లక్షల కారు సామాన్లు పన్నెండు లక్షల కారు ధరల్లోనే ఉంటాయి. ఆ కంపెనీ ఇక్కడ ఇంకా ఉందా అన్నది మరో ప్రశ్న. షెవర్లే 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. వయసు పెరిగేకొద్దీ ఇలాంటి బండ్ల సామాను కోసం చెన్నై పుదుపేట దాకా వెతుక్కుంటూ పోవాలి.

ఏడాదికి రెండు మూడు వేలు కూడా తిరగని పెద్దవాళ్లు, గుడికీ ఆస్పత్రికీ ఒక కారు కావాలనుకునేవాళ్లు తక్కువ డబ్బు పెట్టి పాత బండి కొనుక్కుంటే తప్పేముంది అంటే, నేను గట్టిగా కాదనలేను. వాళ్లకు నాలుగు లక్షలు ఇరుక్కోవడం కంటే రెండు లక్షలు ఇరుక్కోవడం నయం. కాకపోతే టైర్లు, బ్యాటరీ, పైపులు, బ్రేక్ ఆయిల్, కూలెంట్ ఇవన్నీ మొదటి నెలలోనే మార్పించుకుని, ఆ ఖర్చు బండి రేటులో కలుపుకుని చూసుకోవాలి.

2019 అనే గీత

ఇది నాకు అన్నిటికంటే పెద్ద కారణం. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకీ ఏబీఎస్ ఉండాల్సిందే. అదే ఏడాది జులై నుంచి డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్ట్ హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి. 2021 చివరికల్లా ముందు వరసలో రెండు సీట్లకీ ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. 2013 నాటి కింది వేరియంట్లలో చాలావాటికి ఇవేవీ లేవు. మావాడు చూసిన డాక్టర్ గారి కారూ అలాంటిదే. వారానికోసారి పెళ్లాం పిల్లలతో కావలి నుంచి నెల్లూరు వచ్చే మనిషి వాడు. 16వ నంబరు హైవే మీద రాత్రిపూట లైట్లు లేకుండా పక్కన ఆపిన లారీలు, అడ్డంగా వచ్చే గేదెలు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ట్రాక్టర్లు మనకు కొత్త కాదు. వర్షంలో గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌కి ఎన్ని వేల కిలోమీటర్ల తేడా సాటి వస్తుంది? ఇది చెప్పాకే మా మరదలు ఫోన్ తీసుకుని "బావా, ఆ డాక్టర్ గారి కారు వద్దని చెప్పండి ఈయనకి" అంది.

బండి ఏ కాలందో నంబరు ప్లేటు చూసే కొంత చెప్పొచ్చు. ఏపీ 26, ఏపీ 27 అని జిల్లా కోడ్ ఉంటే 2019కి ముందువి. 2019లోనే రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. టీఎన్ ప్లేటు ఉంటే మరో రకం జాగ్రత్త కావాలి. చెన్నైలో 2015 డిసెంబరులో, మళ్లీ 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి వేల కార్లు నీట మునిగాయి. మనం పక్కనే ఉన్నాం, అలాంటి బండి కడిగి తుడిచి ఇటు రావడం కష్టం కాదు. మనకూ 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు, పడుగుపాడు వైపు ఊళ్లు మునిగాయి కాబట్టి ఏపీ ప్లేటు అని కూడా వదిలేయకూడదు. సీటుబెల్ట్ చివరిదాకా లాగితే మట్టి చార కనిపిస్తుంది, స్టెప్నీ గుంతలో ఒండ్రు, సీటు పట్టాల బోల్టులకు తుప్పు. మునిగిన బండికి వయసు చూసినా రీడింగ్ చూసినా ఒకటే, వదిలేయడమే.

రీడింగ్ నిజమో కాదో

డిజిటల్ మీటరు కదా, తిప్పలేరు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పాత ముళ్ల మీటరు కంటే ఇదే తేలిక, ల్యాప్‌టాప్ తగిలించి కాసేపట్లో అంకె మార్చేస్తారు. తక్కువ రీడింగ్‌కి మనం డబ్బులిస్తున్నన్నాళ్లు తిప్పేవాళ్లు ఉంటారు. నేను చూసేది ముందు టైర్ల నంబరు. 2018 కారు, రీడింగ్ 31 వేలు, టైర్లు 2022వి అయితే మొదటి సెట్టు ఎప్పుడు అరిగింది? ఒక సెట్టు నలభై వేలు సులభంగా వస్తుంది కదా. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద చేతులు పడే చోట నునుపు, డ్రైవర్ దిగే వైపు సీటు అంచు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో నంబరు చెప్పి ప్రతి సర్వీసుకీ రీడింగ్ ఎంతో ఓనర్ చేతే అడిగించొచ్చు.

చాలామందికి తట్టనిది ఫాస్టాగ్ స్టేట్‌మెంట్. 2021 ఫిబ్రవరి నుంచి కార్లన్నిటికీ ఫాస్టాగ్ తప్పనిసరి కదా, బండి ఏ రోజు ఏ టోల్ దాటిందో అందులో మొత్తం ఉంటుంది. నిజాయితీగా అమ్మేవాడు ఫోన్లో తీసి చూపిస్తాడు. మందుల కంపెనీ ఆయన చూపించాడు, ముసునూరు, టంగుటూరు, వెంకటాచలం, బూదనం, పేజీల కొద్దీ అవే. తిరిగింది హైవే మీదే అని అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ కూడా చూడండి. అది క్లెయిమ్ చేయని ఓనర్‌కి ఇచ్చే తగ్గింపు, 50 శాతం ఉంటే అయిదేళ్లుగా ఆయన క్లెయిమ్ చేయనట్టే. సున్నా ఉంటే కారణం అడగాలి.

రేటు మాట్లాడేటప్పుడు

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పైన ఉన్న సెస్సు కూడా పోయింది. కొత్త కారు రేటు తగ్గితే పాతది కూడా తగ్గాలి. పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీలో ఇంకా పాత రేట్లే చెప్తుంటే ఈ మాట గుర్తుచేయండి. లక్ష దాటిన బండి దగ్గర బేరం మీ చేతిలో ఉంటుంది, ఎందుకంటే ఆ ఆరంకెల రీడింగ్ చూసి మిగతావాళ్లు వెళ్లిపోతారు, అమ్మేవాడికి అది తెలుసు. మావాడు క్లచ్, షాక్ అబ్జార్బర్ల అంచనా కాగితం ముందు పెట్టి మాట్లాడితే నాలుగు లక్షల ముప్పై కాస్తా మూడు తొంభైకి వచ్చింది. డాక్టర్ గారి కారు వాళ్లు మాత్రం అయిదు వేలకు మించి దిగలేదు. "34 వేలే తిరిగిందండీ, ఇట్టాంటి బండి మీకు మళ్లీ దొరకదు" అన్నారు. అప్పటికి రెండు బండ్ల మధ్య తేడా ముప్పై అయిదు వేలు, ఆరేళ్లు.

మా బాబాయి ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. "లక్ష తిరిగిన బండి కొని తెచ్చారే" అని వచ్చిన చుట్టాలందరికీ చెప్తున్నాడట. ఆయన తరం వాళ్లకు అంబాసిడర్, ఫియట్ లెక్కలు. అప్పట్లో లక్ష అయ్యేసరికి ఇంజిన్ విప్పి బోరు చేయించాల్సి వచ్చేది, ఆ భయం అక్కడి నుంచి వచ్చింది. ఇప్పటి పెట్రోలు ఇంజిన్లు ఆయిల్ సరిగ్గా మారిస్తే రెండు లక్షలు అవలీలగా పోతాయి.

తక్కువ తిరిగిన పాత కార్లన్నీ చెడ్డవని నేను అనడం లేదు. మా వీధిలో రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు, ఆయనదీ 2013 బండే, నలభై వేలు కూడా తిరగలేదు. ఏటా సంక్రాంతికి ముందు ఆయిల్ మారుస్తారు, తిరిగినా తిరగకపోయినా. ప్రతి ఆదివారం పొద్దున్నే కోవూరు దాటి హైవే మీద కాసేపు తోలుకుని వస్తారు, ఇంజిన్ వేడెక్కాలని. టైర్లు 2020లో మార్చారు, అరక్కపోయినా. బిల్లులన్నీ ఫైల్లో తేదీల వారీగా ఉన్నాయి. ఆ బండి ఆయన అమ్మితే కొనమని ఎవరికైనా చెప్తా. అయితే 2013 బండికి ఎంత రేటు నడుస్తుందో అంత పెట్టి, ఆ ఫైలు కోసం పది పదిహేను వేలు ఎక్కువిచ్చి కొనమంటా. మీటరు మీద అంకె కోసం అయితే ఇంకో రూపాయి కూడా ఇవ్వొద్దంటా.